మొహమాటం కొద్దీ మూడు భాషలు

మా ఊళ్ళో జనవరిలో జరిగే దినగ్యాంగ్ పండుగ డప్పుల మోత ఇంకా చెవుల్లోంచి పోనేలేదు, ఆ సోమవారమే మా ఆఫీసులో అందరినీ కింది హాల్లోకి పిలిచి చల్లగా చెప్పారు. ఆగస్టు నెలాఖరుతో ఫోన్ల పని బందు. ఆస్ట్రేలియా వాళ్ళు హోటల్ గది కోసం ఫోన్ చేస్తే ఇకమీదట యంత్రమే మాట్లాడుతుందట. పదకొండేళ్ళు ఆ ఫోను ముందు కూర్చుని, కిటికీలోంచి సముద్రం ఎందుకు కనబడటం లేదని అరిచినవాళ్ళకి కూడా నవ్వుతూ సమాధానం చెప్పినదాన్ని నేను. ఆ తిట్లు ఆ యంత్రం ఒక్కరోజైనా తినాలని మనసారా కోరుకున్నాను.

ఒక దారి మాత్రం ఉందన్నారు. ఆ యంత్రం వెనక ప్రోగ్రాములు రాసే జట్టులోకి మాలోంచే పన్నెండు మందిని తీసుకుంటారు. జూన్‌లో పరీక్ష. తొంభై నిమిషాలు, ఒకే ఒక్క సమస్య, దానికి ప్రోగ్రాం రాయాలి. ఏ కంప్యూటర్ భాషలో రాసినా సరే, కాగితం పైన దాని పేరు రాస్తే చాలు. డిగ్రీ అడగరు, వయసు అడగరు. నాకు ముప్ఫై ఆరు. ఫిలిప్పీన్స్‌లో మా ఇలోయిలో ఊళ్ళో ఈ వయసు ఆడదానికి ఫోన్ల ఉద్యోగం పోతే ఇంకో ఫోన్ల ఉద్యోగం దొరకదు, అక్కడికీ అదే యంత్రం వస్తోంది కాబట్టి. ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే. ఆ పన్నెండు కుర్చీల్లో ఒకటి నాది కావాలి. ఆ ఏడాది నేను దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

దేవుణ్ణి అడిగి ఊరుకుంటే బాగుండేది. మనుషుల్ని కూడా అడిగాను. అక్కడే నా కొంప మునిగింది.

ఫిబ్రవరి రెండున మా ఊళ్ళోనే హారో పేటలో క్యాండెలారియా మాత పండుగ. ఆ రోజు మా నినోంగ్ దోమి ఇంట్లో భోజనాలు. నినోంగ్ అంటే జ్ఞానస్నానం రోజు నన్ను చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతండ్రి. నీటి సరఫరా ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ ఆఫీసుకి కంప్యూటర్ అనేది మొదటిసారి వచ్చినప్పుడు ఆయన బల్ల మీదే పెట్టారట, అప్పట్నించీ మా చుట్టాల్లో కంప్యూటర్ సంగతంటే ఆయన మాటే వేదం. కాల్చిన పంది చుట్టూ ఇరవై మంది కూర్చుని ఉండగా, ఏ భాష నేర్చుకోమంటారు నినోంగ్ అని అందరి ముందూ అడిగాను. ఆయన మూతి తుడుచుకున్నాడు, కాసేపు పైకప్పు వంక చూశాడు, "జావా" అన్నాడు. ఇరవై తలలూ ఊగాయి. ఆ తలల్లో ఒక్కదానికీ జావా అంటే ఏమిటో తెలియదు.

మర్నాడే తొమ్మిది వందల పేజీల పుస్తకం కొని, లోపల తన సంతకం పెట్టి, మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు.

ఆ భోజనాల దగ్గరే మనోంగ్ పిడ్యోంగ్ కూడా ఉన్నాడు. మా గుడి పాటల బృందానికి పెద్ద, బళ్ళో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. మనోంగ్ అంటే అన్న, మనాంగ్ అంటే అక్క; ఈయన మాత్రం అందరికీ అన్నే. వెళ్ళిపోయేటప్పుడు గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, నినోంగ్ ముందు అనలేకపోయాను గానీ కొత్తవాళ్ళకి పైథాన్ మేలు, ఆదివారం పూజ అయ్యాక నేనే నేర్పుతాను, పైసా ఇవ్వక్కర్లేదు అన్నాడు. ఆ వారంలోనే మా పిన్ని కూతురు రెషెల్ ఫోన్ చేసింది. అది ఇంట్లో కూర్చుని పదిమందికి వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. ఇవాళారేపు జావాస్క్రిప్ట్ లేందే పని లేదు మనాంగ్ అని, తను డబ్బు కట్టిన పాఠాల తాళంచెవి, అంటే పాస్‌వర్డు, నాకు పంపేసింది. జావా, జావాస్క్రిప్ట్ ఒక ఇంటివే కదా, ఒక దెబ్బకి రెండు పిట్టలని నేను సంబరపడ్డాను. తీరా చూస్తే పేరు కలిసింది గానీ వాటి మధ్య చుట్టరికమే లేదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరిని కాదనాలి? పుస్తకం కొన్న పెద్దాయన్నా? ఊరికే పాఠం చెబుతానన్న ఆయన్నా? సొంత చెల్లెల్లాంటి రెషెల్‌నా? మా దగ్గర సలహా అడిగి పుచ్చుకుని దాన్ని పక్కన పడెయ్యడమంటే, ఇచ్చినవాళ్ళ మొహం మీద తలుపు వేసినట్టే. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే ముతక సామెత ఒకటుంది, నలుగురూ చదివేచోట దాన్ని రాయను. మూడూ నేర్చుకుందామనుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి డ్యూటీ, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు. సోమ, మంగళ, బుధ వారాలు నినోంగ్ పుస్తకం. గురు, శుక్రవారాలు రెషెల్ పాఠాలు. ఆదివారం పిడ్యోంగ్. శనివారం బట్టలుతుక్కుంటూ, ఈ వారం నేర్చుకున్నదేదో గుర్తు చేసుకుని ఏడవడం. జావాలో ఒక్క నమస్కారం తెర మీదకి రప్పించాలంటే దాని చుట్టూ ఇన్ని బ్రాకెట్లు కట్టాలి, ప్రతి వాక్యం చివరా సెమికోలన్ పెట్టాలి, ఒక్కటి మరిచిపోయానా ఎర్రక్షరాలతో తిడుతుంది. ఆ అలవాటు చేతికొచ్చేసరికి ఆదివారం వచ్చేది. పైథాన్‌లో ఆ బ్రాకెట్లు పెడితే ఒప్పుకోదు, పంక్తి మొదట్లో వదిలే ఖాళీ ఒక్కటి ఎక్కువైతే అదో గొడవ. జావాస్క్రిప్ట్ దేనికీ తిట్టదు. అదింకా నయమనుకున్నాను. ఒకరోజు రెండూ రెండూ కలపమంటే ఇరవై రెండు అని చూపించింది. వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా ఇచ్చావు మనాంగ్, అది నీ తప్పే అంది రెషెల్. తప్పు నాదే, ఎప్పుడూ నాదే.

ఏప్రిల్ సగమయ్యేసరికి, కంప్యూటర్ ఒక అంకె అనుకుంటే నేను కనిపెట్టే ఆట ఒకటి తయారుచేశాను. గొప్ప సంగతే, కాకపోతే అదే ఆట మూడుసార్లు, మూడు భాషల్లో చేశాను. మూడుసార్లూ అక్కడితోనే ఆగాను. ఏ భాషలోనూ దాని తరవాత మెట్టు ఎక్కలేదు, ఎక్కే టైముకి ఇంకో భాష మొదటి మెట్టు మీద నిలబడాల్సొచ్చేది. నా పక్క సీటు ఫ్రెడెలిన్ ఎవరినీ అడక్కుండా తోచిన భాషొకటి పట్టుకుని కూర్చుంది, టీ బ్రేకుల్లో దేశాల పేర్లు వరసలో పెట్టే ప్రోగ్రాం చూపించేది. బాగుంది అనేదాన్ని. కడుపు మండేది.

పైగా ఈ ముగ్గురికీ లెక్క అప్పజెప్పాలి. నినోంగ్ వారానికోసారి అరటిపళ్ళు పట్టుకుని వచ్చేవాడు. కూర్చోగానే ఒకటే ప్రశ్న, ఎన్నో పేజీ? నూట పన్నెండు అంటే భేష్ అనేవాడు. పై వారం నూట ముప్ఫై అంటే భేష్ భేష్ అనేవాడు. పేజీలో ఏముందో ఎప్పుడూ అడగలేదు, ఆయన పెద్దరికం అది అనుకున్నాను. ఆయన వచ్చేముందు పిడ్యోంగ్ రాసిచ్చిన కాగితాలు దిండు కింద దాచేదాన్ని. పిడ్యోంగ్ ముందు జావా మాట నోరు జారకుండా నాలుక కరుచుకునేదాన్ని. ముగ్గురు మొగుళ్ళతో కాపరం చేసేదానికైనా నాకన్నా కాస్త తీరిక ఉండేదేమో.

మే నెలలో ఒక మధ్యాహ్నం రెషెల్ ఇంటికొచ్చింది. బల్ల మీద నినోంగ్ పుస్తకం చూసింది, పిడ్యోంగ్ కాగితాలు చూసింది, దాచడానికి టైము చాల్లేదు. తరవాత నా తెల్లమొహం చూసింది.

"మనాంగ్, ఇలా కాదు. ఏదో ఒక్కటి పట్టుకో," అంది. "నాది కాకపోయినా ఏం పర్లేదు. ఒక్కటొస్తే మిగతావి తర్వాత అవే వస్తాయ్. జూన్ ఎంతో దూరం లేదు."

ఈ కథలో ఎవరైనా పనికొచ్చే మాట అన్నారంటే అదొక్కటే. దాన్ని నేనేం చేశానో వినండి. నాది కాకపోయినా పర్లేదు అందంటే దానికి కోపమొచ్చిందని అర్థం చేసుకున్నాను. మా వాళ్ళు అలిగితే అరవరు, పర్లేదులే అంటారు, తరవాత మూడు నెలలు ఫోన్ ఎత్తరు. మా అమ్మ అంతే, నేనూ అంతే. కాబట్టి చెల్లెలి అలక తీర్చాలని తరవాతి రెండు వారాలూ మిగతావి మానేసి జావాస్క్రిప్ట్ మీద పడ్డాను. అదేమో పాపం నిజంగానే పర్లేదంది. తీర్చడానికి అక్కడ అలకే లేదు. ఈలోగా నినోంగ్ వచ్చి ఎన్నో పేజీ అంటే, ముందువారం చెప్పిన పేజీయే మళ్ళీ చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆ మొహం చూడలేక మళ్ళీ జావా తీశాను.

జూన్ పద్నాలుగున పరీక్ష. నలభై ఒక్కమందిమి కూర్చున్నాం. కాగితం పైన భాష పేరు రాయమన్నచోట నా పెన్ను ఆగిపోయింది. మనీలా నుంచి పరీక్ష పెట్టడానికొచ్చిన ఎడ్నలీ అనే ఆవిడ నా కుర్చీ దగ్గర ఆగి, ఏదో ఒకటి రాసెయ్యండి, టైము పోతోంది అంది. పైథాన్ అని రాశాను. ఎందుకంటే అంతకు ముందు ఆదివారమే పాఠం అయింది.

సమస్య నాకు కొట్టినపిండి. హోటల్ గదుల బుకింగుల జాబితా ఇచ్చారు, ఒకే రాత్రికి ఒకే గదిని ఇద్దరికి ఇచ్చినచోట్లు కనిపెట్టాలి. పదకొండేళ్ళు నేను చేసింది అదే పని, చేత్తో. ఎలా వెతకాలో, దేన్ని దేనితో పోల్చాలో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎదురుగా ఉన్న కంప్యూటర్ మీద కొట్టడం మొదలుపెట్టాను. వేళ్ళు ఆగకుండా పరిగెత్తాయి, నాకే ఆశ్చర్యమేసింది. గంటలో ముగించి నడిపించాను. ఎర్రక్షరాలు. ఒకటి సరిచేస్తే దాని కింద ఇంకోటి, అది సరిచేస్తే మరోటి. ఏది ఏ భాషలో తప్పో, ఏది ఏ భాషలో ఒప్పో నాకే తెలియడం మానేసింది. చివరి పావుగంట తెర వంక చూస్తూ కూర్చున్నాను, ఏడుపు రాకూడదని పళ్ళు బిగబట్టుకుని.

మూడో రోజు ఫలితాలు. పన్నెండు పేర్లలో ఫ్రెడెలిన్ ఉంది. నేను లేను. రానివాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ళ ప్రోగ్రాం అచ్చువేసిన కాగితం చూపించారు. ఎడ్నలీ నాది బల్ల మీద పరిచి, కాసేపు పెన్నుతో గెడ్డం గోక్కుంది.

"మీ ఆలోచన సరిగ్గా ఉందండీ. చెప్పాలంటే ఎంపికైనవాళ్ళలో సగం మందికన్నా బాగుంది," అంది. "కానీ మార్కులు వేసేది యంత్రం. అది నడిస్తే వేస్తుంది, లేకపోతే సున్నా. ఇదిగో, ఈ పంక్తి జావా. ఇది జావాస్క్రిప్ట్. ఇక్కడ్నించి పైథాన్. ఇందులో మీది ఏది?"

నాది ఏదీ లేదు. మొదటి పంక్తి నినోంగ్‌ది, రెండోది రెషెల్‌ది, మూడోది పిడ్యోంగ్‌ది. ఐదు నెలలు నేను చేసిందల్లా ముగ్గురి మొహాలు చూసుకుంటూ తిరగడమే. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. థాంక్స్ అండీ అని చెప్పి, కాగితం అడిగి తీసుకుని, నవ్వుతూనే బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చేతికందిన కూడు నేనే నేలపాలు చేసుకున్నానని తెలిసిన ఏడుపు అది, ఇంకెవరినీ అనడానికి లేదు.

కానీ అనబుద్ధయింది. ఆ ఆదివారం నినోంగ్ డెబ్భై ఒకటో పుట్టినరోజు. వెళ్ళకపోతే బాగుండదు. చూశారా, అప్పటికీ బుద్ధి రాలేదు. వెళ్ళాను, కాగితం సంచిలో పెట్టుకుని. పొడుగాటి పాన్సిత్ నూడుల్స్ పళ్ళెం మధ్యలో ఉంది, చుట్టూ చుట్టాలు, ఆ మూల పిడ్యోంగ్. నినోంగ్ నన్ను చూడగానే మొహం వెలిగిపోయి, కుర్చీ వచ్చిందా అమ్మాయ్ అని గట్టిగా అడిగాడు. రాలేదన్నాను.

"అయ్యో. పుస్తకం పూర్తి చేశావా మరి? ఎన్నో పేజీ దాకా వచ్చావ్?" అన్నాడు.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. ఆయన పుట్టినరోజని చూడలేదు, పెద్దాయనని చూడలేదు. సంచిలోంచి కాగితం తీసి ఆయన పళ్ళెం పక్కన పెట్టాను.

"ఇందులో మీ జావా ఎక్కడుందో చూపించండి నినోంగ్."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పైనుంచి కిందికి చూశాడు, మళ్ళీ కిందనుంచి పైకి. వేలు మెల్లిగా కదిలి ఒక పంక్తి మీద ఆగింది. అది పైథాన్. కాదన్నాను. వేలు ఇంకాస్త కిందికి జరిగింది. అదీ కాదు. మూడోసారి వేలు కాగితం మీదకి పోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలీదే అమ్మాయ్," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. "ఇరవై మంది ముందు అడిగావ్. నిన్ను గుళ్ళో ఎత్తుకున్నవాణ్ణి. తెలీదని ఎలా అంటానే? ఆ పేరెక్కడో విన్నాను. అదే అనేశాను."

అంతమంది మధ్య చిన్న మాట కూడా దాగదు. అందరూ పళ్ళేల వంక చూస్తున్నారు. పిడ్యోంగ్ గొంతు సవరించుకున్నాడు. బళ్ళో తను చెప్పేది ఉత్తరాలు టైపు చెయ్యడం, బొమ్మలు గియ్యడం మాత్రమేనట. పైథాన్ శనివారం సాయంత్రం చదువుకుని, ఆదివారం నాకు చెప్పేవాడట. నువ్వు అంత ఆశగా అడుగుతుంటే ఎలా ఊరుకోను అన్నాడు, చెంచాతో పులుసు కలుపుతూ.

నవ్వాలో అరవాలో తెలియలేదు. ఐదు నెలలు ఈ పెద్దమనుషులు నొచ్చుకుంటారని నేను మూడు భాషలు మోశాను. నేను నొచ్చుకుంటానని వాళ్ళు తెలియనిది తెలిసినట్టు మోశారు. ఇందులో మర్యాద ఎవరికి దక్కిందో ఏమో, కుర్చీ మాత్రం నాకు దక్కలేదు. ఆ మాట పైకి అనేశాను కూడా. నా ఉద్యోగం పోతోంది నినోంగ్, తెలీదని ఒక్క ముక్క అనుంటే నేను బతికేదాన్ని అన్నాను. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకది చూసి జాలి వేసింది. జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

ఆయనకి ఊరికే కూర్చోవడం చేతకాదు. జేబు తడిమి ఫోన్ తీశాడు. మా వియ్యంకుడి తమ్ముడు మనీలాలో అచ్చంగా ఇదే పనిలో ఉన్నాడు, ఇప్పుడే కనుక్కుంటాను, ఏది మంచిదో వాడు చెబుతాడు అంటూ నంబరు వెతకడం మొదలెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవును, అడగండి అన్నారు. వాళ్ళకి ఊపిరాడింది. నేను చెయ్యి చాచి, ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని బోర్లా పెట్టాను. నా ముప్ఫై ఆరేళ్ళలో పెద్దవాళ్ళ చేతిలోది అలా లాక్కోలేదు.

"వద్దు నినోంగ్," అన్నాను. "ఏదో ఒకటి నేనే పట్టుకుంటాను. తప్పయితే తప్పు, నాదవుతుంది."

నినోంగ్ భార్య ఏం చెయ్యాలో తోచక నా పళ్ళెంలో ఇంకొంత పాన్సిత్ వడ్డించింది. పుట్టినరోజు నూడుల్స్ ఆయుష్షు కోసం, వదలకూడదు, తిన్నాను. అప్పుడు పిడ్యోంగ్ మెల్లిగా అడిగాడు, మరి ఏది పట్టుకుంటావ్ అని. బల్ల చుట్టూ ఉన్న మొహాలన్నీ నా వైపు తిరిగాయి.

"చెప్పను," అన్నాను.

నిజానికి ఏది పట్టుకోవాలో నాకప్పటికింకా తెలియదు. కానీ అంతమంది ముందు ఆ మాట అనడానికి నాకూ నోరు రాలేదు.